ఆడమ్స్, కెన్నా ఫోటోలు చూసి మన గుత్తిలో తీస్తే అది కాపీయేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. నువ్వు బీఎఫ్ఏ ఫోటోగ్రఫీ రెండో ఏడు, ఊరు గుత్తి. ఇద్దరు ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్లని తీసుకుని వాళ్ళ స్టైల్ ప్రభావంతో పన్నెండు ఫోటోలు చెయ్యమంటే నువ్వు అన్సెల్ ఆడమ్స్‌నీ మైకేల్ కెన్నానీ పట్టుకున్నావు, మొదటి ఆరు చూపిస్తే మీ సార్ "కాపీలు, అదీ సరిగ్గా రాని కాపీలు" అన్నారు, ఇక్కడేమో మంచు కొండల్లేవు సరస్సుల్లేవు, చేతిలో 18-55 కిట్ లెన్స్ ఒకటే, కాబట్టి ఫోటోగ్రాఫర్లని మార్చేయాలా అని అడుగుతున్నావు.

మార్చకు. మీ సార్ అన్నదాంట్లో సగం కరెక్టే, కానీ ఆ సగం ఏదో ఆయన చెప్పలేదు, నువ్వు అడగలేదు.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఆరేళ్ళు. సగం టైము పెళ్ళిళ్ళకే పోయింది, అది వేరే కథ, మిగతా సగం గోదావరి చివర, కోరంగి వైపు తిరుగుతూ గడిచింది. కాబట్టి నేను చెప్పేది పుస్తకంలోంచి కొంత, ఎదురుదెబ్బల్లోంచి ఎక్కువ.

నువ్వు పెట్టిన ఆ గుత్తి కోట ఫోటో చూశా. ఆకాశాన్ని బాగా నల్లగా లాగావు, కొండ అంచు చుట్టూ తెల్లటి గీత వచ్చేసింది చూడు, అది ఎడిటింగ్‌లో స్లయిడర్‌ని మరీ గుంజితే వచ్చే జబ్బు. అంటే నీకు ఆడమ్స్ అంటే నల్ల ఆకాశం. సరే, ఆ నల్ల ఆకాశం ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం, అక్కడే నీ సమాధానం ఉంది.

1927 ఏప్రిల్ 10. ఆడమ్స్‌కి పాతికేళ్ళు. అమెరికాలో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే పెద్ద రాతి ముఖానికి ఎదురుగా పెద్ద వ్యూ కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ మంచులో ఎక్కాడు. దారిలో చాలా ప్లేట్లు అయిపోయాయి. పైన చేరాక ముందు పసుపు ఫిల్టర్ పెట్టి ఒకటి తీశాడు, తీసిన వెంటనే అనిపించింది, ఇది ప్రింట్‌లో ఉత్త బూడిదరంగు ఆకాశంతో వస్తుంది, నాకు ఈ రాయి ముందు నిలబడితే అనిపిస్తున్నది ఇది కాదు అని. మిగిలిన ఆఖరి ప్లేటుకి ముదురు ఎర్ర ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం దాదాపు నలుపైంది, రాయి ముందుకొచ్చింది. తర్వాత ఆయన జీవితమంతా విజువలైజేషన్ అని చెప్పింది దీన్నే, షటర్ నొక్కకముందే ప్రింట్ ఎలా ఉండాలో తేల్చుకోవడం.

ఎర్ర ఫిల్టర్ ఏం చేస్తుందంటే నీలం వెలుతురుని ఆపేస్తుంది. ఆకాశం నీలంగా ఉంటేనే నల్లబడుతుంది. ఎత్తుమీద, చలిలో, దుమ్ములేని గాలిలో యోసెమిటీ ఆకాశం చిక్కటి నీలం. మరి మీ గుత్తిలో ఏప్రిల్ మధ్యాహ్నం ఆకాశం ఏ రంగు? తెలుపు. దుమ్ము, వేడి కలిసి ఉతికిన పంచెలా ఉంటుంది. దానికి ఎర్ర ఫిల్టర్ పెట్టినా, లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో బ్లూ స్లయిడర్ కిందికి లాగినా నల్లబడేందుకు అందులో నీలమే లేదు. అప్పుడు నువ్వేం చేశావు, మాస్క్ వేసి, అంటే ఆకాశం ఒక్కదాన్నే ఎంచుకుని, బలవంతంగా నల్లబరిచావు. ఆడమ్స్ ఫోటోలో నలుపు ఆ రోజు అక్కడున్న గాలిలోంచి వచ్చింది, నీ ఫోటోలో కంప్యూటర్లోంచి వచ్చింది, చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో అతికించినట్టుందని మాత్రం తెలిసిపోతుంది. మీ సార్‌కి తెలిసింది అదే.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఎర్ర ఫిల్టర్ ఎర్రటి వస్తువుల్ని తెల్లగా చేస్తుంది. యోసెమిటీ గ్రానైట్ బూడిదరంగు కాబట్టి ఆడమ్స్‌కి అది పెద్ద లెక్క కాలేదు. మీది ఎర్ర నేల! వేరుశనగ చేను దున్నిన తర్వాత చూడు ఎంత ఎర్రగా ఉంటుందో. ఆ నేల మీద రెడ్ స్లయిడర్ పైకి జరిపితే భూమి మెరిసిపోతుంది, బ్లాక్ అండ్ వైట్‌లో ఎండిన ఉప్పు మడిలా కనిపిస్తుంది, కిందికి లాగితే అదే నేల రేగడిలా నల్లబడిపోతుంది. అంటే ఆడమ్స్ ఆకాశంతో ఆడిన ఆట నువ్వు నేలతో ఆడొచ్చు. వానలు పోయాక, అక్టోబరు చివర నవంబరులో ఆకాశం కడిగినట్టు నీలంగా ఉన్నప్పుడు ఒకే ఫ్రేములో నేల తెల్లగా, ఆకాశం నల్లగా చేసి చూడు. ఇది ఆయన పద్ధతే, కానీ ఆయన తీసిన ఫోటో కాదు, ఆ రోజు యోసెమిటీలో ఆయన కాలికింద ఎర్ర నేల లేదు కాబట్టి తీసే అవకాశమే రాలేదు.

నేను చెప్పదలుచుకుంది ఇదే, ఇంక ఎన్ని చెప్పినా దీని చుట్టూనే తిరుగుతా. ఒకాయన స్టైల్ తీసుకుని నీ ఊళ్ళోకి రా, నిజాయితీగా అచ్చు ఆయనలాగే చెయ్యి, ఎక్కడో ఒక చోట నీ ఊరు ఒప్పుకోదు. అక్కడ నువ్వు మాస్కులేసి ఊరి నోరు మూసేస్తే కాపీ. అక్కడ ఆగి, ఎందుకు ఒప్పుకోలేదో చూసి పద్ధతి మార్చుకున్నావా, అక్కడి నుంచి నీది.

కెన్నా దగ్గరికొద్దాం, ఆయనంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా. 1953లో ఇంగ్లాండులో విడ్నెస్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టాడు, చిన్నప్పుడు ప్రీస్ట్ అవుదామని సెమినరీ స్కూల్లో చదివాడు, ఆ నిశ్శబ్దం ఫోటోల్లో కనిపిస్తుందని నా అనుమానం. ఫిల్మ్ హాసెల్‌బ్లాడ్, చదరపు ఫ్రేమ్, బ్లాక్ అండ్ వైట్, ఒక్కోసారి రాత్రి మొదలుపెట్టి పది గంటలసేపు కూడా షటర్ తెరిచి ఉంచుతాడు. జపాన్ హొక్కైడోలో మంచులో ఒక చెట్టు, ఒక కంచె, అంతే, మిగతాదంతా తెలుపు. ప్రింట్లు కూడా చిన్నవి, సుమారు ఇరవై సెంటీమీటర్ల చదరం. గోడంత ప్రింట్ దగ్గర నువ్వు వెనక్కి జరుగుతావు, అరచేతికన్నా కొంచెం పెద్ద ప్రింట్ దగ్గర ముందుకు వంగుతావు, ఆ వంగడం కూడా ఆయన స్టైల్లో భాగమే. నువ్వు పన్నెండు ప్రింట్లనీ 16×24 వేయిస్తానన్నావు కదా, కెన్నా వైపువి ఆరూ చిన్నవి వేయించి చూడు, డబ్బులూ మిగులుతాయి.

నీ కెన్నా ఫోటోల్లో సమస్య ఏంటంటే చెరువులో నీళ్ళుంటాయని పొద్దున్నే వెళ్ళావు, నీళ్ళు లేవు, బురద కనిపించకుండా ఫేడ్ చేశావు. ఆయనకి కావాల్సింది నీళ్ళూ కాదు మంచూ కాదయ్యా, ఖాళీ. వస్తువు చుట్టూ ఏమీ లేకపోవడం. మరి ఇందాక మనం తిట్టుకున్న ఆ ఏప్రిల్ తెల్ల ఆకాశం ఏంటి? ఖాళీయే కదా! ఆడమ్స్‌ని ముంచిన ఆకాశమే కెన్నాకి అన్నం పెడుతుంది. ఎర్రటెండలో, అందరూ తలుపులేసుకుని పడుకున్న టైములో, కొంచెం కిందికి కూర్చుని ఒంటరి ఈతచెట్టునో, కరెంటు స్తంభాన్నో, ఉరవకొండ వైపు ఆ గాలిమరల్లో ఒక్కదాన్నో ఆ తెలుపు మీద పెట్టు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, స్టాపున్నర పైకి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). హొక్కైడోలో మైనస్ డిగ్రీల్లో ఆయనకి దొరికిన తెలుపు నీకు నలభై డిగ్రీల్లో దొరుకుతుంది. చూసేవాడు ముందు మంచనుకుని, తర్వాత ఎండని తెలుసుకుంటే, ఆ ఒక్క క్షణం చాలు నీ ప్రాజెక్టుకి. మజ్జిగ సీసా తీసుకెళ్ళు, టోపీ మర్చిపోకు, తమాషాకి అనట్లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. దాదాపు పదిహేనేళ్ళ కింద నేనూ కెన్నా పిచ్చిలో పడి కోరంగి దగ్గర వలకట్టు కర్రల్ని తీయడం మొదలుపెట్టా. తెల్లారగట్ల లేచి, వెలుతురు తగ్గించే నల్ల గాజు, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, ముప్పై సెకన్లు, అరవై సెకన్లు. నీళ్ళు పాలలా వచ్చాయి, కర్రలు గీతల్లా వచ్చాయి, నాకు నేనే మురిసిపోయా. మా ఊరి పెద్దాయన, ఒకప్పుడు డార్క్‌రూమ్‌లో నాకు పని నేర్పినాయన, పన్నెండు ప్రింట్లూ వరసగా చూసి "బాగున్నాయిరా, జపాన్ ఎప్పుడెళ్ళావు?" అన్నాడు. ఇంక ఏమీ అనలేదు, కాఫీ తాగమన్నాడు. నేను ఆ ప్రింట్లు కట్టగట్టి అటక మీద పడేశా.

తర్వాత ఆ రిజెక్ట్ చేసిన ఫైళ్ళన్నీ మళ్ళీ చూస్తుంటే ఒకటి కనిపించింది. నేను పక్కన పడేసిన ప్రతి ఫ్రేములోనూ ఎవరో ఒకరున్నారు. మన దగ్గర ఖాళీ జాగా అనేది ఉండదు తమ్ముడూ, ట్రైపాడ్ పెట్టిన పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి "ఏం తీస్తున్నారండీ, రోడ్డు పడుతుందా ఇక్కడ?" అంటారు, సర్వేయర్ అనుకుని. నావలో ఒకాయన వల సరిచేస్తూ ఫ్రేములో అటూ ఇటూ తిరిగితే అరవై సెకన్లలో ఆయన పొగలా మారిపోయేవాడు, నేను ఛ అని డిలీట్ చేసేవాణ్ణి. కెన్నా ల్యాండ్‌స్కేపుల్లో మనుషులు దాదాపు ఉండరు, కాబట్టి నా దగ్గరా ఉండకూడదని. మా ఊరు ఒప్పుకోనిది అక్కడ. అప్పట్నుంచి ఎక్స్‌పోజర్ తగ్గించా, నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు, నీళ్ళు మెత్తబడతాయి గానీ మనిషి పూర్తిగా కరిగిపోడు, తల ఎటు తిరిగిందో, చెయ్యి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఆ సిరీస్ చూసి పెద్దాయన జపాన్ మాట ఎత్తలేదు. "ఈయన ఎవరబ్బాయి?" అని అడిగాడు.

ఇది మనకే వచ్చిన బాధ కూడా కాదు. శామ్యూల్ బోర్న్ అని ఒక ఇంగ్లీషాయన 1863లో ఇండియా వచ్చాడు, గాజు పలక తడిగా ఉండగానే ఫోటో తీసి కడగాల్సిన వెట్ ప్లేట్ కాలం, గాజు పలకలు, కెమికల్స్, టెంటు మోయడానికి కూలీల దండునే వెంటేసుకుని హిమాలయాలెక్కాడు, 1866లో మణిరంగ్ కనుమ దగ్గర పద్దెనిమిది వేల అడుగుల పైన ఫోటోలు తీశాడు. మామూలు విషయం కాదు. అంత చేసి ఆయన లండన్ పత్రికకి రాసిన ఉత్తరాల్లో గొణుగుడు ఏంటంటే ఇక్కడి కొండలు మరీ పెద్దవి, మన ఇంగ్లాండు దృశ్యాల్లాగా, ఆల్ప్స్‌లాగా చక్కగా ఫ్రేములో కుదరట్లేదని. ఎదురుగా హిమాలయాలు పెట్టుకుని! తలలో ముందే ఒక బొమ్మ పెట్టుకుని వస్తే అంతే. గుత్తిలో నిలబడి మంచు కొండల్లేవు అని నువ్వు అన్నదీ అదే కదా, కోపం తెచ్చుకోకు.

మళ్ళీ ఆడమ్స్. ఆయన "స్టైల్" అని నువ్వు ఒక్క ముక్కలో అంటున్నావు, ఏ సంవత్సరం ఆడమ్స్ అని అడుగుతా నేను. 1941 నవంబర్ 1 సాయంత్రం కార్లో శాంటా ఫే వైపు వెళ్తూ న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు లేవడం చూశాడు, సమాధుల మీది శిలువలకి పొద్దు ఆఖరి వెలుతురు తగులుతోంది, కారు ఆపి కెమెరా బిగించేసరికి లైట్ మీటర్ కనపడలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అని ఆయనకి గుర్తు, దాన్నిబట్టి మనసులోనే లెక్కేసి ఎఫ్32 దగ్గర (ఎఫ్ అంకె పెరిగితే లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) ఒక సెకను ఇచ్చాడు. రెండో ఫిల్మ్ సిద్ధం చేసేలోపు శిలువల మీద వెలుతురు పోయింది. ఉన్నది ఒక్క నెగటివ్. ఆ ఒక్క నెగటివ్‌ని తర్వాత దశాబ్దాల పాటు వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు, మొదటివాటిల్లో ఆకాశం బూడిదరంగు, పైన మబ్బు తెరలు కనిపిస్తాయి, 1948లో నెగటివ్ కింది భాగాన్ని కెమికల్‌తో గట్టిపరిచాడు, చివరి ఏళ్ళ ప్రింట్లలో ఆకాశం కాటుక. నువ్వు ఫోన్లో చూసి కాపీ కొట్టింది ఆ ముసలి ఆడమ్స్‌ని. కుర్ర ఆడమ్స్ ప్రింట్లు పక్కన పెట్టుకుని చూస్తే ఎంత మెత్తగా ఉంటాయో. ఆయన కుర్రతనంలో పియానో విద్వాంసుడు కావాలనుకున్నవాడు, నెగటివ్‌ని స్వరలిపితోనూ ప్రింట్‌ని కచేరీతోనూ పోల్చేవాడు. త్యాగరాజ కీర్తన ఒక్కటే, పాడేవాళ్ళు వేరు, అదే విద్వాంసుడు ఇరవైలో పాడింది వేరు అరవైలో పాడింది వేరు, మనకి ఈ మాట ఇంకా తేలిగ్గా అర్థమవ్వాలి. నీ ఒక్క రా ఫైలుని (కెమెరా ఇచ్చే ముడి ఫైలు) మూడు రకాలుగా ప్రింట్ తీసి మూడూ గోడకి పెట్టు ఒక వారం, ఏది నీకు విసుగు పుట్టిస్తుందో చూడు.

టెక్నికల్‌గా చిన్న చిన్నవి. ఎఫ్22లో తీస్తున్నావని నీ డేటాలో కనిపించింది, ఆడమ్స్ వాళ్ళ బృందం గ్రూప్ ఎఫ్64 గురించి చదివి అలా చేసుంటావు. 1932లో వాళ్ళు ఆ పేరు పెట్టుకుంది పెద్ద ఫిల్మ్ కెమెరాల లెక్కలో. 8×10 అంగుళాల ఫిల్మ్ మీద ఎఫ్64 ఇచ్చే డెప్త్ (ముందూ వెనకా స్పష్టంగా కనిపించే మేర) నీ కెమెరాలోని చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ మీద దాదాపు ఎఫ్5.6కే వచ్చేస్తుంది. ఎఫ్8 పెట్టు, ఎఫ్22కి వెళ్తే డిఫ్రాక్షన్, అంటే సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల ఫోటో మొత్తం మెత్తబడి నువ్వు కోరుకున్న షార్ప్‌నెస్సే పోతుంది. వెలుగునీడల్ని మెట్లుగా విడదీసి ఎక్స్‌పోజర్ లెక్కేసే ఆడమ్స్ జోన్ సిస్టమ్ కూడా ఫిల్మ్‌కి రాసినట్టే చేయకు, నెగటివ్ ఫిల్మ్‌లో నీడల్ని చూసుకుని ఎక్స్‌పోజ్ చేయాలి, డిజిటల్లో తిరగేసి, వెలుగులు కాలిపోకుండా చూసుకోవాలి, నీడలు తర్వాత లేపుకోవచ్చు. ఎన్‌డీ ఫిల్టర్ కొనలేనంటే వెల్డింగ్ షాపులో దొరికే గాజు రబ్బరు బ్యాండ్లతో బిగించు, పచ్చగా వస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌కి ఆ పచ్చదనం లెక్కలేదు. పది స్టాపులంటే 1/60 సెకను కాస్తా పదిహేడు సెకన్లవుతుంది, ఆ లెక్క కాయితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. ట్రైపాడ్ తేలికదైతే మధ్య కొక్కేనికి రాళ్ళ సంచి వేలాడదియ్యి, గుత్తిలో రాళ్ళకి కరువా. 18-55 చాలు, లెన్స్ గురించి ఇంకెప్పుడూ అడగకు.

నీకు ఇద్దరికే పర్మిషన్ గానీ, నోట్‌బుక్‌లో ఒక పేజీ రాబర్ట్ ఆడమ్స్‌కి ఇవ్వు. అన్సెల్‌కి చుట్టం కాదు, ఇంటిపేరు ఒకటే. 1974లో 'ద న్యూ వెస్ట్' పుస్తకం, 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో 'న్యూ టోపోగ్రాఫిక్స్' ఎగ్జిబిషన్‌లో పదిమందిలో ఒకడు. కొలరాడోలో కొండల ముందు పుట్టుకొస్తున్న ఇళ్ళ వరసల్ని, రోడ్లని మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ అలంకారం లేకుండా తీశాడు. మన దగ్గర హైవే పక్కన వెంచర్లు చూశావా, తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు, మధ్యలో ఎండిపోతున్న కొబ్బరి మొక్కలు, 'గేటెడ్ కమ్యూనిటీ' అని ఒక ఆర్చి, వెనక వందల కోట్ల ఏళ్ళ వయసున్న మన గ్రానైట్ గుట్ట సగం కొట్టేసి. ఆయన చూస్తే ఇంటికొచ్చినట్టు అనిపించేది. నల్ల ఆకాశం ఆడమ్స్ ఆ ఆర్చిని ఫ్రేములోంచి తప్పిస్తాడు, ఈ ఆడమ్స్ దానికోసమే కారు ఆపుతాడు. నువ్వు ఏ ఆడమ్స్‌వి అనేది పన్నెండు ఫోటోల తర్వాత నీకే తెలుస్తుంది, ఇప్పుడు తేల్చుకోకపోయినా పర్లేదు.

నోట్స్ ఎలా రాయాలని అడిగావు. "ఈయన ఫలానా సంవత్సరంలో పుట్టాడు, కాంట్రాస్ట్ బాగా వాడాడు" అని నాలుగు పేజీలు నింపకు, అది సార్‌కి తెలుసు. ప్రతి ఫోటో కింద మూడు వాక్యాలు చాలు, ఆయన దగ్గర ఏ నిర్ణయం తీసుకున్నావు, మీ ఊళ్ళో అది ఎక్కడ కుదరలేదు, నువ్వేం మార్చావు. కుదరని ఫోటో కూడా చిన్నదిగా పక్కన అంటించు, సిగ్గుపడకు, మార్కులు అక్కడే పడతాయి అని నా అనుభవం, ఒకట్రెండుసార్లు ఇలాంటి ప్రాజెక్టులు చూడ్డానికి నన్నూ పిలిచారు.

ఆఖరుగా ఒక పని. పంచాంగం తీసి నవంబరులో పౌర్ణమికి ముందురోజు, చతుర్దశి ఎప్పుడో చూడు. ఆ రోజు చంద్రుడు పొద్దు కూకకముందే తూర్పున లేస్తాడు, నేలమీద ఇంకా ఎండ ఉంటుంది, పౌర్ణమి రోజైతే లేచేసరికి నేల చీకటైపోతుంది, చాలామంది ఈ తప్పే చేస్తారు. కోటకి పడమర వైపు చేల్లో నిలబడితే సాయంత్రం ఎండ కొండ మీద నేరుగా పడుతుంది, చంద్రుడు కొండ వెనక నుంచి వస్తాడు, ఎక్కడి నుంచి వస్తాడో ముందురోజే వెళ్ళి ఫోన్ యాప్‌లో దిక్కు చూసుకో. చంద్రుడంటే ఎండలో ఉన్న రాయే, కాబట్టి ఐఎస్ఓ 100, ఎఫ్11, 1/100 దగ్గర మొదలుపెట్టు, దిగంతం దగ్గర దుమ్ముంటే ఒకటి రెండు స్టాపులు పెంచు, నేల మీద వెలుతురు పోతున్న కొద్దీ చంద్రుడికీ నేలకీ మధ్య సర్దుకోవాలి, నీకు మహా అయితే పది నిమిషాలుంటాయి. సరిగ్గా ఆ టైముకే ఇంటికెళ్ళే మేకల మంద నీ ఫ్రేములోకి వస్తుంది, దుమ్ము లేపుకుంటూ. ఆపొద్దని కాపరికి చెప్పు.